పదకొండు థిన్ క్లయింట్లు ఒకే రోజు లాగిన్ దగ్గర ఆగిపోయాయి, బయట తోతాపురి ట్రాక్టర్లు క్యూలో ఉన్నాయి

కాటారూమ్_చిత్తూరు
సోమవారం ఉదయం 7.52

అందరికీ నమస్కారం, కొంచెం అర్జెంటు. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ యూనిట్‌లో సిస్టమ్స్ నేనే చూసుకుంటాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, మావన్నీ నాలుగో తరం ఐ3లు, విండోస్ 11 వాటికి ఎక్కదు, కొత్తవి కొనే బడ్జెట్ లేదు. అందుకని డిసెంబర్‌లో ఒక మంచి మెషిన్ మీద విండోస్ సర్వర్ 2022 పెట్టి, పాత పదకొండింటికీ డెబియన్ 12 (లినక్స్) వేసి థిన్ క్లయింట్లు చేశాను, అంటే పనంతా సర్వర్‌లో జరుగుతుంది, ఇవి స్క్రీన్, కీబోర్డు మాత్రమే. ఆన్ చేస్తే చిన్న డబ్బాలో పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది, అవి ఫ్రీఆర్‌డీపీకి (లినక్స్ నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు కలిపే ప్రోగ్రామ్) వెళ్తాయి, సర్వర్ డెస్క్‌టాప్ ఫుల్ స్క్రీన్‌లో వస్తుంది. అంతకుమించి ఆ మెషిన్‌లో ఏమీ కనపడదు. గట్టిగానే బిగించాను: కంట్రోల్ ఆల్ట్ ఎఫ్2 (టెర్మినల్ తెరిచే కీలు) పనిచేయదు, గ్రబ్‌కు (బూట్ మెనూ) పాస్‌వర్డ్ ఉంది, బయోస్‌లో యూఎస్‌బీ బూట్ ఆఫ్, పెన్‌డ్రైవ్ పెట్టినా మౌంట్ కాదు, డిస్క్ మీద ఓవర్‌లేరూట్ ఉంది కాబట్టి ఎవరేం మార్చినా రీబూట్ చేస్తే మొదటికొస్తుంది.

ఆరు నెలలు ఒక్క ఫోన్ కాల్ రాలేదు. ఈ రోజు పొద్దున ఆరింటికి గేటు నుంచి ఫోన్. పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయి మళ్లీ అదే డబ్బా వస్తోంది. పదకొండూ అంతే. పాస్‌వర్డ్ తప్పని చెప్పడం లేదు, అసలు ఏమీ చెప్పడం లేదు. సర్వర్ ఆన్‌లోనే ఉంది, పింగ్ వస్తోంది. కాటా స్లిప్పులు చేత్తో రాస్తున్నారు, బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. ఎక్కడ చూడాలో చెప్పండి.

---

ల్యాబ్_చంద్రగిరి
సోమవారం ఉదయం 8.01

స్విచ్ రీస్టార్ట్ చేశారా? మా ల్యాబ్‌లో ఒకసారి లూప్ పడి ఇలాగే అన్నీ పోయాయి.

---

కాటారూమ్_చిత్తూరు
సోమవారం ఉదయం 8.06

చేశానన్నా. సర్వర్ కూడా ఒకసారి రీస్టార్ట్ చేశాను. మేనేజర్ గారి విండోస్ ల్యాప్‌టాప్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ కొడితే లోపలికి వెళ్తోంది. అందుకే ఇంకా అర్థం కావడం లేదు.

---

కొర్లగుంట_సర్వర్
సోమవారం ఉదయం 8.14

తమ్ముడూ, రెండు చూసి చెప్పు. ఒకటి, ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అయినప్పుడు పసుపు గుర్తుతో ఏదైనా హెచ్చరిక వచ్చిందా, దానికి ఎస్ కొట్టారా? రెండు, సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్‌లో ఈ పొద్దున 4625 నంబర్లు ఉన్నాయా? తప్పు పాస్‌వర్డ్ అయితే 4625 పడుతుంది. పడకపోతే నీ క్లయింట్లు పాస్‌వర్డ్ దాకా రాకముందే వెనక్కి తిరుగుతున్నాయని అర్థం.

---

కాటారూమ్_చిత్తూరు
సోమవారం ఉదయం 8.21

4625 ఒక్కటి కూడా లేదు. ల్యాప్‌టాప్‌లో హెచ్చరిక వచ్చిందట, ఈ కంప్యూటర్ ఎవరిదో నిర్ధారించలేకపోతున్నాం అన్నట్టు, ఆయన చదవకుండా ఎస్ కొట్టారట.

---

కొర్లగుంట_సర్వర్
సోమవారం ఉదయం 8.26

అయితే సర్టిఫికెట్, అంటే సర్వర్ తానెవరో చూపించే గుర్తింపు పత్రం. డిసెంబర్‌లో పెట్టానన్నావు, ఇప్పుడు జూన్. విండోస్ తనంతట తాను తయారు చేసుకునే రిమోట్ డెస్క్‌టాప్ సర్టిఫికెట్ గడువు ఆరు నెలలే. అది అయిపోగానే కొత్తది తయారు చేసుకుంటుంది, ఎవరికీ చెప్పదు. నీ ఫ్రీఆర్‌డీపీ లైన్‌లో సెర్ట్ దగ్గర ఏం రాశావు? టోఫు అని ఉంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదటిసారి చూసిన సర్టిఫికెట్‌ను గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత వేరేది కనపడితే కనెక్ట్ కాదు. అది తన పని తాను చేసింది. చెప్పడానికి స్క్రీన్ మీద చోటు లేదు, అంతే.

---

ఎయిర్‌బైపాస్
సోమవారం ఉదయం 8.29

సెర్ట్ ఇగ్నోర్ అని పెట్టేయండి బ్రో, రెండు నిమిషాల్లో అన్నీ లేస్తాయి. లోకల్ నెట్‌వర్కే కదా.

---

రాత్రిషిఫ్ట్_రేణిగుంట
సోమవారం ఉదయం 8.35

దయచేసి అది పెట్టొద్దు. నేను హాస్పిటల్ సిస్టమ్స్ చూస్తాను. ఇగ్నోర్ అని పెడితే ఆ కేబుల్‌కు ఎవరైనా ల్యాప్‌టాప్ తగిలించి నేనే సర్వర్‌ని అన్నా మీ క్లయింట్ నమ్మి పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. లోకల్ నెట్‌వర్క్ అంటున్నారు గానీ పల్ప్ యూనిట్‌లో సీజన్‌కు ఎంతమంది కొత్తవాళ్లు లోపలికి వస్తారో ఆలోచించండి. పైగా ఇలాంటి రోజు పెట్టింది మళ్లీ ఎవరూ తీయరు, అది అలాగే ఉండిపోతుంది.

ఇప్పటికి చేయాల్సింది: సర్వర్ ముందు కూర్చుని, నెట్‌వర్క్ మీదుగా కాదు, సర్వర్‌కే ఉన్న మానిటర్ మీద, సర్టిఫికెట్ మేనేజర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరవండి. అక్కడ కొత్త సర్టిఫికెట్ తారీఖు, వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్, ఆ సర్టిఫికెట్‌కే ఉండే గుర్తింపు సంఖ్య) అంకెలు కాగితం మీద రాసుకోండి. క్లయింట్‌కు వస్తున్నదీ అదేనా అని సరిపోల్చండి. సరిపోతే పాతది తీసేసి కొత్తదాన్ని గుర్తుపెట్టుకోమనండి.

---

కాటారూమ్_చిత్తూరు
సోమవారం ఉదయం 8.40

ఇంకో సమస్య ఉంది మేడమ్. క్లయింట్‌లోకి వెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ఒక్కటే, అది కూడా కీ ఫైల్ ఉంటేనే. ఆ కీ ఇంట్లో నా సిస్టమ్‌లో ఉంది. ఇల్లు గ్రీమ్స్‌పేట, ఇక్కడి నుంచి అరగంట. వెళ్లి తెస్తాను.

---

కాటారూమ్_చిత్తూరు
సోమవారం ఉదయం 10.48

తెచ్చాను, అయింది. కొర్లగుంట అన్న చెప్పిందే నిజం. గేటు సిస్టమ్‌లోకి వెళ్లి ఫ్రీఆర్‌డీపీని చేత్తో నడిపితే మొదటి వరుసలోనే చెప్పింది, సర్టిఫికెట్ మారింది, కనెక్ట్ కాను అని. వేలిముద్ర సర్వర్‌లో ఉన్నదానితో అంకె అంకె చూశాను, సరిపోయింది. ఓవర్‌లేరూట్ క్రూట్‌తో (మార్పులు నిలిచేలా చేసే కమాండ్) కింది, అసలు డిస్క్‌లోకి వెళ్లి పాత ఫైల్ తీసేసి కొత్తది పెట్టి రీబూట్ చేశాను. మొదట కాటా, తర్వాత గేటు, తర్వాత మిగతావి. పదిన్నరకు మొదటి స్లిప్పు ప్రింటయింది. నాలుగున్నర గంటలు పోయాయి. పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డ రైతులకు ఏం చెప్పాలో తెలియక గేటు దగ్గర అబ్బాయి చాలా ఇబ్బంది పడ్డాడు, అది నా మనసులోంచి పోవడం లేదు.

అందరికీ ధన్యవాదాలు. డిసెంబర్‌లో మళ్లీ ఇదే రాకుండా ఏం చేయాలి?

---

కొర్లగుంట_సర్వర్
సోమవారం ఉదయం 11.20

సంతోషం తమ్ముడూ. శాశ్వతంగా అంటే సొంత సీఏ, అంటే సర్టిఫికెట్ల మీద సంతకం చేసే అధికారి, ఒకటి పెట్టుకో. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌తో ఏదైనా లినక్స్ మెషిన్‌లో చేయొచ్చు, పెద్ద పని కాదు. పదేళ్ల గడువుతో రూట్ (అన్నిటికీ మూలమైన సర్టిఫికెట్), దాంతో సంతకం చేసిన సర్వర్ సర్టిఫికెట్ ఒకటి. రూట్ తాళం చెవి (ప్రైవేట్ కీ) పెన్‌డ్రైవ్‌లో వేసి ఆఫీసు బీరువాలో పెట్టు, సర్వర్‌లో వదలొద్దు. సర్వర్ సర్టిఫికెట్‌ను లోకల్ కంప్యూటర్ పర్సనల్ ఫోల్డర్‌లోకి తెచ్చి, దాని వేలిముద్రను రిమోట్ డెస్క్‌టాప్ లిసనర్‌కు (కనెక్షన్లు అందుకునే భాగం) పవర్‌షెల్ కమాండ్‌తో ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ ప్రైవేట్ కీని చదివే అనుమతి నెట్‌వర్క్ సర్వీస్ ఖాతాకు ఉండాలి. చాలామంది ఇది మర్చిపోయి రోజంతా కొట్టుకుంటారు. క్లయింట్ల వైపు రూట్ సర్టిఫికెట్ ఒక్కటే సిస్టమ్ నమ్మేవాటిలో చేర్చు, అప్‌డేట్ సీఏ సర్టిఫికెట్స్ కమాండ్ నడుపు. ఇక టోఫు అక్కర్లేదు, ఆరు నెలల గొడవ పోతుంది.

ఒక జాగ్రత్త. ఇప్పుడు నువ్వు ఐపీ నంబర్‌తో కనెక్ట్ అవుతున్నావు అనుకుంటా. సర్టిఫికెట్‌లో పేరు ఉండి నువ్వు నంబర్‌తో వెళ్తే పేరు కలవలేదని మళ్లీ ఆగుతుంది. సర్వర్‌కు ఒక పేరు పెట్టు, అది క్లయింట్ హోస్ట్స్ ఫైల్‌లో (ఏ పేరుకు ఏ ఐపీ నంబరో రాసుకునే ఫైల్) రాయి, ఆ పేరుతోనే కనెక్ట్ అవ్వు.

---

ల్యాబ్_చంద్రగిరి
సోమవారం మధ్యాహ్నం 12.05

ఒక సందేహం. ఓవర్‌లేరూట్ ఉన్నప్పుడు టోఫు వల్ల లాభం ఏమిటి? రీబూట్ చేసిన ప్రతిసారీ గుర్తుపెట్టుకున్నది పోతుంది కదా, అప్పుడు రోజూ మొదటిరోజే, ఎవరు ఎదురొచ్చినా నమ్మేస్తుంది.

---

కాటారూమ్_చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 12.18

నేను బిగించకముందు ఒకసారి కనెక్ట్ చేసి ఉంచానన్నా, కాబట్టి సర్టిఫికెట్ కింది డిస్క్‌లోనే ఉంది. అలా చేయకపోయి ఉంటే మీరన్నట్టే, ఈ రోజు ఏ సమస్యా రాకుండా అన్నీ పనిచేసేవి, కానీ కాపలా లేకుండా పనిచేసేవి. ఈ మాట మీరు అడిగేదాకా నేను ఆలోచించలేదు.

---

కొర్లగుంట_సర్వర్
సోమవారం మధ్యాహ్నం 12.40

చంద్రగిరి సార్ మంచి ప్రశ్న వేశారు. దానికే కలిపి ఇంకోటి: ఫ్రీఆర్‌డీపీ లైసెన్సు ఫైలు కూడా అదే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. తమ్ముడూ, నీది డొమైన్ (అందరి ఖాతాలూ ఒకేచోట ఉండే ఏర్పాటు) లేని వర్క్‌గ్రూప్ అయితే డివైస్‌కు ఒకటి చొప్పున కాల్ (సీఏఎల్, అంటే సర్వర్‌కు కనెక్ట్ అయ్యే లైసెన్సు) కొని ఉండాలి, యూజర్ కాల్‌లు వర్క్‌గ్రూప్‌లో కుదరవు. డివైస్ కాల్ అంటే సర్వర్ ఇచ్చిన లైసెన్సును క్లయింట్ దగ్గర పెట్టుకోవాలి. రీబూట్‌కు అది పోతుంటే మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఆ ఫోల్డర్ ఒక్కదానికీ 100 ఎంబీ పార్టిషన్ వేరుగా చేసి ఓవర్‌లే బయట పెట్టు. మిగతాదంతా బిగించే ఉంచు.

కొత్తగా చదువుతున్నవాళ్లకు: సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ వేశాక 120 రోజులు లైసెన్సు లేకుండా నడుస్తుంది. ఆ తర్వాత ఒకరోజు ఆగుతుంది. అది కూడా ఇలాగే పొద్దున్నే అందరికీ ఒకేసారి.

---

గాంధీరోడ్_డీటీపీ
సోమవారం సాయంత్రం 6.30

నేను మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. తిరుపతిలో చిన్న డీటీపీ సెంటర్ నాది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, థీసిస్ బైండింగు. ఇద్దరు అమ్మాయిలు టైపింగ్ చేస్తారు, వాళ్ల సిస్టమ్స్ పాతవే. ఇలా చేస్తే తెలుగు టైపింగ్ వస్తుందా? ఒకతను వచ్చి చూసి లినక్స్‌లో తెలుగు కీబోర్డు వేరుగా ఉంటుంది, మళ్లీ నేర్చుకోవాలి అని చెప్పి వెళ్లిపోయాడు.

---

కొర్లగుంట_సర్వర్
సోమవారం సాయంత్రం 7.15

వస్తుందమ్మా. ఇందులో లినక్స్ చేసే పని చాలా తక్కువ. అమ్మాయి ఏ కీ నొక్కిందో ఆ నంబర్ మాత్రం సర్వర్‌కు పంపుతుంది, అది అ నా క నా అన్నది సర్వర్‌లో ఉన్న కీబోర్డు నిర్ణయిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు లేఅవుట్) కావాలంటే సర్వర్‌లో వాళ్ల లాగిన్‌కు ఇన్‌స్క్రిప్ట్ పెట్టండి, క్లయింట్‌ను మామూలు అమెరికన్ ఇంగ్లీషు లేఅవుట్‌లోనే వదిలేయండి. రెండు చోట్లా తెలుగు పెడితేనే గందరగోళం. ఫాంట్లు కూడా సర్వర్‌లో ఉంటే చాలు. పాత ఫాంట్ల కోసం వాడే కీబోర్డు మేనేజర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఇద్దరు ఒకే సర్వర్‌లో ఉన్నప్పుడు ఎలా ప్రవర్తిస్తాయో ముందు ఒక సిస్టమ్ మీద వారం రోజులు నడిపి చూశాకే రెండోదాన్ని ముట్టుకోండి.

డిజైనింగ్ చేసే మెయిన్ సిస్టమ్‌ను మాత్రం మార్చొద్దు. పత్రిక మీద బంగారు రంగు సరిగ్గా పడిందా లేదా అన్నది రిమోట్ స్క్రీన్ మీద చూసి చెప్పడం కష్టం. టైపింగ్, ప్రూఫు, బిల్లు, వీటికి ఇది చాలా బాగుంటుంది.

---

గాంధీరోడ్_డీటీపీ
సోమవారం రాత్రి 9.02

చాలా సంతోషం అన్నా. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి ప్రింటరు?

---

ల్యాబ్_చంద్రగిరి
సోమవారం రాత్రి 9.40

ప్రింటరు నెట్‌వర్క్‌ది అయితే నేరుగా సర్వర్‌కే కలిపేయండి అక్కా, థిన్ క్లయింట్ మధ్యలో ఎందుకు. యూఎస్‌బీ ప్రింటరు అయితేనే క్లయింట్‌లో కప్స్ (లినక్స్ ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్) పెట్టి అక్కడి నుంచి సర్వర్‌కు చూపించాలి. అప్పుడు ఆ ప్రింటరు విండోస్ డ్రైవర్ పేరు అక్షరం తప్పు లేకుండా ఇవ్వాలి.

---

కాటారూమ్_చిత్తూరు
మంగళవారం రాత్రి 8.10

ఈ రోజు సీఏ పని పూర్తి చేశాను. నెట్‌వర్క్ సర్వీస్ అనుమతి దగ్గర నేనూ ఆగాను, అన్న ముందే చెప్పారు కాబట్టి పది నిమిషాల్లో బయటపడ్డాను. పది సిస్టమ్స్ టోఫు లేకుండా, ఇగ్నోర్ లేకుండా కనెక్ట్ అయ్యాయి. పదకొండోది, టెస్టింగ్ ల్యాబ్‌లో బ్రిక్స్ (పల్ప్‌లో తీపి కొలత) రీడింగులు ఎక్కించే సిస్టమ్, ఒప్పుకోవడం లేదు. సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు అంటోంది. నిన్న టోఫుతో బాగానే పనిచేసింది.

---

రాత్రిషిఫ్ట్_రేణిగుంట
మంగళవారం రాత్రి 8.19

గడియారం చూడండి. డేట్ ఎంత ఉంది?

---

కాటారూమ్_చిత్తూరు
మంగళవారం రాత్రి 8.31

డిసెంబర్ చూపిస్తోంది! నేను బిగించిన రోజుల తారీఖే. బయోస్‌లోకి వెళ్తే అక్కడ 2014 ఉంది.

---

రాత్రిషిఫ్ట్_రేణిగుంట
మంగళవారం రాత్రి 8.52

బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. సెల్లు ఖరీదు చాలా తక్కువ, అది మార్చండి. పదేళ్లు దాటిన బోర్డులు కాబట్టి పదకొండింటికీ ఒకేసారి మార్చేయండి, మిగతావి కూడా ఒక్కొక్కటే వస్తాయి. టోఫు తారీఖు పట్టించుకోదు, పోలిక మాత్రమే చూస్తుంది, అందుకే నిన్న తెలియలేదు. సీఏ పెట్టాక తారీఖు లెక్కలోకి వస్తుంది.

డిసెంబర్ ఎందుకు చూపించిందంటే: సిస్టమ్‌డీ టైమ్‌సింక్ (గడియారం సరిచేసే సర్వీస్) చివరిసారి సరైన టైమ్‌ను ఒక ఫైల్‌లో గుర్తుపెట్టుకుంటుంది, బోర్డు గడియారం అంతకన్నా వెనక ఉంటే కనీసం అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఓవర్‌లే వల్ల ఆ ఫైల్ డిసెంబర్‌లోనే ఆగిపోయింది. అన్న చెప్పిన 100 ఎంబీ పార్టిషన్‌లోకి దాన్ని కూడా తెండి. క్లయింట్లకు ఇంటర్నెట్ లేదు కదా, మరి టైమ్ ఎక్కడి నుంచి తీసుకుంటున్నాయి?

---

కాటారూమ్_చిత్తూరు
మంగళవారం రాత్రి 9.05

ఎక్కడి నుంచీ తీసుకోవడం లేదు మేడమ్. డెబియన్ టైమ్ సర్వర్ల పేర్లే ఉన్నాయి, వాటిని చేరుకునే దారి లేదు. రౌటర్‌లో ఎన్‌టీపీ (టైమ్ ఇచ్చే సర్వీస్) ఉంది, దానికి మారుస్తాను.

దీనికే సంబంధించి ఇంకో అనుమానం. దామలచెరువు ర్యాంపులో (మామిడి కొనే చోటు) మాకు ఒక కొనుగోలు టేబుల్ ఉంది, అక్కడ ఇలాంటిదే ఒక క్లయింట్ పన్నెండోది పెట్టాలి. 4జీ రౌటర్ మీద వైర్‌గార్డ్ వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా రహస్య టన్నెల్) సర్వర్‌కు కలపాలనుకుంటున్నాను. దానికీ ఈ గడియారం ఇబ్బంది ఉంటుందా?

---

రాత్రిషిఫ్ట్_రేణిగుంట
మంగళవారం రాత్రి 9.34

అక్కడ ఇంకా ఎక్కువ. వైర్‌గార్డ్ ప్రతి పలకరింపులోనూ టైమ్ పంపుతుంది, అవతలివైపు ఇంతకుముందు చూసిన టైమ్ కన్నా వెనకటిది వస్తే జవాబే ఇవ్వదు. పాత ప్యాకెట్లను ఎవరైనా మళ్లీ పంపి మోసం చేయకుండా పెట్టిన రక్షణ అది. మీ ర్యాంపు సిస్టమ్ కరెంటు పోయి మళ్లీ డిసెంబర్‌తో లేస్తే టన్నెల్ లేవదు, తప్పేమిటో ఎక్కడా రాయదు. టన్నెల్ లేస్తేనే టైమ్ వస్తుంది అనేలా పెట్టారంటే ఆ సిస్టమ్ ఎప్పటికీ లేవదు. కాబట్టి టైమ్ టన్నెల్ బయటి నుంచి, అక్కడి 4జీ రౌటర్ నుంచి రావాలి, టైమ్ సరిపడ్డాకే వైర్‌గార్డ్ మొదలవ్వాలి. నేను ఒక బ్రాంచి క్లినిక్‌లో దీని కోసం రెండు రాత్రులు కూర్చున్నాను.

రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచే ఆలోచన ఎవరైనా చెప్తే వినకండి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా పాత విండోస్‌లలోకి దూరే దారి దొరికింది. ఆ లోపం సరిచేసినా, తెరిచిన 3389 మీద పాస్‌వర్డ్లు ప్రయత్నించేవాళ్లు రాత్రింబవళ్లు ఉంటారు.

---

పలమనేరు_సేవాసెంటర్
బుధవారం ఉదయం 9.15

మంచి చర్చ. నాది మూడు సిస్టమ్స్ ఉన్న చిన్న సెంటర్. ఒక విండోస్ 11 ప్రో మంచిది కొని, మిగతా రెండిటినీ లినక్స్ చేసి దానికి కలపొచ్చా? ఇద్దరూ ఒకేసారి పనిచేయాలి. ఆధార్ వేలిముద్ర మెషిన్ కూడా ఉంది.

---

కొర్లగుంట_సర్వర్
బుధవారం ఉదయం 10.40

కుదరదన్నా. విండోస్ ప్రోలో ఒకేసారి ఒకరే. రెండోవాళ్లు లాగిన్ అయితే మొదటివాళ్లు బయటికి. దాన్ని తప్పించే ప్యాచ్‌లు నెట్‌లో తిరుగుతుంటాయి, లైసెన్సుకు విరుద్ధం, ఒక అప్‌డేట్ రాగానే పోతాయి, జనం లైన్‌లో ఉన్నప్పుడే పోతాయి. వేలిముద్ర మెషిన్‌ను అసలు ఇందులోకి తేవొద్దు. దాని ఆర్‌డీ సర్వీస్ (రిజిస్టర్డ్ డివైస్ సాఫ్ట్‌వేర్, రిమోట్ డెస్క్‌టాప్ కాదు) అదే సిస్టమ్‌లో 127.0.0.1 (తన సొంత అడ్రస్) మీద కూర్చుని బ్రౌజర్‌కు జవాబిస్తుంది. నీ బ్రౌజర్ సర్వర్‌లో నడుస్తుంటే దానికి 127.0.0.1 అంటే సర్వరే, నీ టేబుల్ మీది మెషిన్ కాదు. ఆ ఒక్క సిస్టమ్ సపోర్ట్ ఉన్న విండోస్‌తోనే ఉండాలి.

మిగతా రెండిట్లో నీ పని ఏమిటి? అంతా వెబ్‌సైట్లలోనే అయితే రిమోట్ డెస్క్‌టాపే అక్కర్లేదు. లినక్స్, దాంట్లో ఒక బ్రౌజర్, ఇలాగే బిగించి పెట్టు. ఒక కస్టమర్ పత్రాలు ఇంకొకరికి కనపడకుండా రీబూట్‌తో అన్నీ పోతాయి, నీలాంటి సెంటర్‌కు అది పెద్ద లాభం.

---

ల్యాబ్_చంద్రగిరి
బుధవారం మధ్యాహ్నం 1.10

నేను అదే చెప్పాలనుకున్నాను. మా ల్యాబ్‌లో విండోస్ సర్వరే లేదు. ఎల్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్ మీద లినక్స్ బూట్ చేయించే సాఫ్ట్‌వేర్) పెట్టాం, 2019లో మొత్తం కొత్తగా రాశారు దాన్ని. ముప్పై సిస్టమ్స్‌కు హార్డ్‌డిస్క్ లేదు, నెట్‌వర్క్ మీద బూట్ అవుతాయి, సర్వర్‌లో ఒక్క ఇమేజ్ మారిస్తే రేపు పొద్దున ముప్పైకీ మారుతుంది. కాటారూమ్ తమ్ముడు సోమవారం పదకొండు సిస్టమ్స్‌లోకి ఒక్కొక్కటిగా వెళ్లాల్సి వచ్చింది కదా, ఇలా ఉంటే ఒక్కచోట మార్చి అన్నీ రీబూట్ చేస్తే సరిపోయేది.

---

కాటారూమ్_చిత్తూరు
బుధవారం రాత్రి 9.20

నిజమే అన్నా, ఆలోచించాను. కానీ మా దగ్గర గేటు సిస్టమ్ ఫ్యాక్టరీకి ఆ చివర ఉంది, అక్కడి దాకా వేసిన కేబుల్ పాతది. బూట్ కూడా నెట్‌వర్క్ మీదే అంటే వర్షానికి కేబుల్ పోయినప్పుడు గేటులో ఏమీ కనపడదు. డిస్క్‌లో ఉంటే కనీసం నెట్‌వర్క్ లేదు అని చెప్పగలదు. ఆఫ్ సీజన్‌లో ఆఫీసు లోపలి ఆరింటికి ఎల్‌టీఎస్‌పీ చూస్తాను.

ఎవరికైనా పనికొస్తుందని కాటా సంగతి రాస్తున్నాను, ఇది ఎక్కడా తెలుగులో దొరకలేదు నాకు. కాటా ఇండికేటర్ బరువును సీరియల్ పోర్టు మీద పంపుతుంది. పాత డెస్క్‌టాప్‌లకు ఆ పోర్టు వెనకాల ఉంటుంది, వీటిని పారేయకపోవడానికి అదొక కారణం. ఫ్రీఆర్‌డీపీకి సీరియల్ అని చెప్పి కామ్3 పేరుతో క్లయింట్ పోర్టును చూపిస్తే సర్వర్‌లోని కాటా సాఫ్ట్‌వేర్‌కు కామ్3లో బరువు వస్తుంది. ఆ సెషన్‌లో మాత్రమే వస్తుంది, అకౌంట్స్ వాళ్ల సెషన్‌లో కనపడదు, మనకు కావలసిందీ అదే. లినక్స్ యూజర్‌ను డయల్అవుట్ గ్రూపులో చేర్చాలి, లేకపోతే పోర్టు తెరుచుకోదు. స్లిప్పు ప్రింటరు డాట్ మ్యాట్రిక్స్, దానికి కప్స్‌లో రా క్యూ (డేటాను మార్చకుండా పంపేది), సర్వర్ వైపు జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్. వేరే డ్రైవర్ పెడితే అక్షరాలను బొమ్మలా గీస్తుంది, ఒక్క స్లిప్పుకు నిమిషం పడుతుంది, వెనక ట్రాక్టర్ హారన్ కొడుతూ ఉంటుంది.

---

ఎయిర్‌బైపాస్
గురువారం ఉదయం 8.45

ఇగ్నోర్ గురించి నేను చెప్పింది తప్పే, ఒప్పుకుంటున్నాను. మా షాపు కస్టమర్లకు నేను చేసిన నాలుగు చోట్ల అదే పెట్టి ఉంది. ఈ వారం తీసేస్తాను. ఒక్క ప్రశ్న, ఇంత గట్టిగా బిగించడం అవసరమా? సోమవారం లేటవడానికి సగం కారణం ఆ తాళాలే కదా, కీ ఇంట్లో ఉండటం, టెర్మినల్ లేకపోవడం.

---

రాత్రిషిఫ్ట్_రేణిగుంట
గురువారం ఉదయం 9.30

మీరు ఒప్పుకున్నందుకు గౌరవం. నా అభిప్రాయం: తాళాలు సరైనవే, ఒక్కటి కూడా తీయొద్దు. గ్రబ్‌కు పాస్‌వర్డ్ లేకపోతే బూట్ లైన్‌లో ఒక మాట మార్చి ఎవరైనా రూట్ (పూర్తి అధికారం ఉన్న యూజర్) అవుతారు. లేటవడానికి కారణం తాళం కాదు, ఆ మెషిన్ నోరు మూసేయడం. లోపల ఫ్రీఆర్‌డీపీ స్పష్టంగా చెప్తోంది, సర్టిఫికెట్ మారింది అని. ఆ మాటను మన స్క్రిప్టు చెత్తలో పడేసి మళ్లీ లాగిన్ డబ్బా చూపిస్తోంది. గేటు దగ్గర అబ్బాయి తన పాస్‌వర్డే తప్పనుకుని ఎన్నిసార్లు కొట్టి ఉంటాడో. వాడుకునేవాళ్లు మార్చకుండా బిగించాలి, కానీ వాళ్లకు ఏం జరుగుతోందో తెలియకుండా బిగించకూడదు. మా హాస్పిటల్లో కౌంటర్ స్క్రీన్ మీద కారణం తెలుగులో వస్తుంది, కింద ఎవరికి ఫోన్ చేయాలో ఉంటుంది. రాత్రి రెండింటికి నర్సు ఆ వరుస చదివి వినిపిస్తే నేను ఇంట్లోంచే సగం పని చేస్తాను.

---

కాటారూమ్_చిత్తూరు
ఆదివారం సాయంత్రం 5.40

వారం పూర్తయింది, ఏం చేశానో చెప్పి ముగిస్తాను.

బ్యాటరీలు పదకొండూ మార్చాను, బోర్డులు తెరిస్తే ఇంకో రెండు సెల్లులు కూడా దాదాపు అయిపోయి ఉన్నాయి. టైమ్ రౌటర్ నుంచి వస్తోంది. 100 ఎంబీ పార్టిషన్‌లో ఫ్రీఆర్‌డీపీ కాన్ఫిగ్, టైమ్ ఫైల్ ఈ రెండే ఉన్నాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కు రెండో కీ చేసి, దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టి, సీల్ చేసిన కవర్లో సీఏ పెన్‌డ్రైవ్‌తో పాటు బీరువాలో పెట్టించాను, పాస్‌ఫ్రేజ్ మేనేజర్ గారి దగ్గర వేరుగా ఉంది. సర్వర్ సర్టిఫికెట్‌కు రెండేళ్ల లోపు గడువు ఇచ్చాను, అది అయిపోయేది మార్చిలో పడేలా చూసుకున్నాను, సీజన్‌కు ముందు.

మేడమ్ చెప్పిన దానికి ఎక్కువ టైమ్ పెట్టాను. ఫ్రీఆర్‌డీపీ ఆగినప్పుడు అది రాసిన చివరి వరుసలు చూసి స్క్రిప్టు ఐదు మాటల్లో ఒకటి చూపిస్తుంది: పాస్‌వర్డ్ తప్పు, సర్వర్ దొరకడం లేదు, కేబుల్ లేదు, సర్టిఫికెట్ తేడా, తారీఖు తప్పు. పెద్ద తెలుగు అక్షరాలు, కింద నా నంబర్. ఏదీ కాకపోతే ఆ వరుసనే ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నిన్న మధ్యాహ్నం గేటు అబ్బాయి ఫోన్ చేసి, అన్నా కేబుల్ లేదు అంటోంది, చూస్తే వెనకాల ఊడి ఉంది, నేనే పెట్టేశాను, చెప్దామని చేశాను అన్నాడు.

దామలచెరువు సిస్టమ్ రేపు పెడుతున్నాం.

---

గాంధీరోడ్_డీటీపీ
ఆదివారం సాయంత్రం 6.15

బాబూ ఆ స్క్రిప్టు ఇక్కడ పెడతావా? మా అమ్మాయిల సిస్టమ్ ఒకటి వచ్చే వారం మొదలుపెడుతున్నాం.

---

కాటారూమ్_చిత్తూరు
ఆదివారం సాయంత్రం 6.22

తప్పకుండా అక్కా. ఫోన్ నంబర్, సర్వర్ పేరు తీసేసి రాత్రికి పెడతాను.